మా అత్త నెగడు దూరం జరిపింది

ఆ రోజు పొద్దున చోడంబలి కలుపుతుంటే తెడ్డు చేతిలోంచి జారి కుండలో పడిపోయింది. తడి చేతికి జారడం వేరు. నేను పట్టుకున్నాననే అనుకుంటున్నాను, వేళ్లు మాత్రం మూసుకోలేదు. రెండో చేత్తో తీద్దామని చూశాను, అదీ అంతే. వర్షాలు తగ్గి, లోయంతా మంచు కమ్మడం అప్పుడప్పుడే మొదలైంది. పొయ్యికి అవతల కూర్చున్న మా అత్త నా చేతుల వంకే చూస్తోంది.

"ఏటే బుద్రీ, నిద్ర తేరనేదా?" అంది.

"చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది అత్తా" అన్నాను. అది తిమ్మిరి కాదని నాకు తెలుస్తూనే ఉంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉంగరం కదలడం లేదు. అయితే పొద్దెక్కి పనిలో పడ్డాక వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. చలి కదా అని సరిపెట్టుకున్నాను.

మాది డుంబ్రిగుడ దగ్గర చిన్న ఊరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం, మెట్టలో చోడి, అంటే రాగి, సామ. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివి, పెళ్లయి ఈ ఊరొచ్చాను. మా ఆయన జీపు నడుపుతాడు. ఇంట్లో ఆయన, నేను, సోంబారి అనే పేరున్న మా అత్త, ముగ్గురమే. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. అబద్ధమేమీ కాదు.

మాకు చలికాలమంటే ముడుచుకుని పడుకునే కాలం కాదు. కాఫీ పళ్లు ఎర్రబడేది అప్పుడే. ఒక ఇంటి తోట ఆ ఇంటివాళ్ల చేతులతోనే కోత అయ్యేది కాదు కాబట్టి ఆడవాళ్లం బదుళ్లకు వెళ్తాం. ఇవాళ మీ తోటలో నేను కోస్తాను, రేపు మా తోటలో మీరు కోస్తారు. కూలి మాట ఉండదు, మనిషికి మనిషి. ఏ రోజు ఎవరి తోటో వంతులు కట్టేది మా పక్కింటి లక్కమ్మ వదిన. పొద్దున్నే దారిలో నడుచుకుంటూ ఒక్కో గుమ్మం ముందూ కేక వేస్తుంది. "వత్తన్నా" అని పలికినవాళ్లు ఆ రోజుకి మనిషి కింద లెక్క. ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి ఆ కేకకి నేను పలకని చలికాలం లేదు.

ఆ ఏడు పలకలేకపోయాను. వేళ్ల తర్వాత మణికట్లు, తర్వాత మోకాళ్లు, చివరికి అరికాళ్లు. నిద్ర లేచి గుమ్మం దాకా వెళ్లాలంటే గోడ పట్టుకోవాలి. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవవు. సంత దగ్గర సూదులు వేసే ఒకాయన దగ్గర సూది వేయించుకుంటే రెండ్రోజులు తేలిగ్గా ఉండేది, మూడో రోజుకి కథ మళ్లీ మొదటికి వచ్చేది. ఒక పొద్దున లక్కమ్మ వదిన కేక వేసింది. నేను నోరు తెరిచేలోగా మా అత్త బయటికెళ్లి చెప్పేసింది.

"అది రాదే లక్కమ్మా. ఒంట్లో బాగు నేదు. ఎముకల్లోకి సలి దిగిపోనాది."

ఎముకల్లో దిగిన చలిని నిప్పుతో తియ్యాలని మా వైపు నమ్మకం. మా అత్త అరుగు ముందే నెగడు వేసింది. మా ఆయన సిల్వర్ ఓక్ చెక్కతో వెనక ఆనుకోవడానికి వీలుగా పొట్టి పీట చేసి పెట్టాడు. పొద్దున నన్ను ఎత్తి కూర్చోబెడితే మళ్లీ పొద్దు వాలాకే లోపలికి. ఆ వయసులో మా అత్త కొండెక్కి కట్టెలు మోసుకొచ్చి ఆ మంటని ఆరనిచ్చేది కాదు. మంచినీళ్లకి లేచినా ఊరుకోదు. "కూకోయే, నాను తెత్తాను కదా" అంటుంది.

ఆవిడ భయం ఎక్కడిదో చెప్పాలి. నేను రాకముందు మా ఆడపడుచు ఒకామె ఉండేదట. ఒళ్లు బాగాలేకపోయినా చలిలో కట్టెలకని కొండెక్కి, తిరిగొచ్చి పడుకుని, ఇంక లేవలేదట. "ఆ గుంట నా మాట ఇన్నేదు" అని మా అత్త ఇప్పటికీ అంటుంది. నోరెక్కువ దాన్నే అయినా ఆ మాట దగ్గర నాకు నోరు పెగలదు. అందుకే కూర్చోమంటే కూర్చున్నాను.

మంట దగ్గర హాయిగానే ఉండేది, అదే పెద్ద చిక్కు. పక్కకి జరిగితే నొప్పి, అందుకని ఇంకొంచెం దగ్గరికి జరిగేదాన్ని. అలా జరిగి జరిగి మోకాళ్లు మంటలో పెట్టడమొక్కటే తక్కువైంది. తొడలు సన్నబడ్డాయి. మొదట ఒకరు పట్టుకుంటే లేచేదాన్ని, తర్వాత ఇద్దరు కావాల్సి వచ్చింది. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు, నా కండలు ఒక లెక్కా.

మా తోట వంతు వచ్చిన రోజు అందరూ వచ్చి మా పళ్లు కోసి పెట్టారు. నేను ఎవరి తోటకీ వెళ్లలేదు, అయినా కోశారు. "ఎలాగ తీర్చుకోను వదినా?" అని లక్కమ్మని అడిగాను. "పోనీలే బుద్రీ, నువ్వు బాగుంటే సాలు" అంది. ప్రేమతోనే అంది. ఆ పోనీలే నాకు సూది కంటే లోతుగా గుచ్చుకుంది. కొన్నాళ్లకి ఆమె మా గుమ్మం ముందు కేక వెయ్యడం కూడా మానేసింది, పడుకున్నదాన్ని లేపడం ఎందుకని. మిగతా ఇళ్ల ముందు పిలుస్తూ, మా ఇంటి ముందు చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్తుంటే లోపల దుప్పటి కింద ఏడ్చాను. ఈ ఊళ్లో ఇక మనిషి కింద నన్ను లెక్కపెట్టరు అనిపించింది. నొప్పికి కూడా నేను అంత ఏడవలేదు.

ఆ పొద్దునే మా ఆయనతో చెప్పాను. "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తావా, నీ జీపు చక్రాల గాలి తియ్యమంటావా?" లేవలేనిదానివి గాలేం తీస్తావు అని నవ్వాడు గానీ, వెంటనే బండి తీశాడు. మా పీహెచ్‌సీ డాక్టర్ వేళ్లు నొక్కి చూసి, ఇది మామూలు నొప్పి కాదని విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రికి రాసిచ్చారు. అరకు నుంచి పాసింజర్ బండిలో ముగ్గురం కొండ దిగాం. సొరంగం వచ్చినప్పుడల్లా మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. నా మణికట్టుకి ప్రాణం పోయేది, అయినా వదలమనలేదు.

ఆసుపత్రిలో ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, చేతులకి ఎక్స్‌రే. రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ నిదానంగా చెప్పారు.

"ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్. చలి వల్ల వచ్చింది కాదమ్మా. ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ పొరబడి కీళ్ల మీద పడుతోంది. చలికి నొప్పి, బిగుతు ఎక్కువగా తెలుస్తాయి, అంతే."

మోకాళ్లు చూడటానికి చీర కాస్త పైకి జరపమన్నారు. చూసి ఆగిపోయారు. నా మోకాళ్ల కింద ముందువైపు ఎర్రగా, గోధుమ రంగుగా చేపల వల పరిచినట్టు మచ్చలున్నాయి. అవి జబ్బులో భాగమే అనుకున్నాను నేను.

"మంట దగ్గర బాగా కూర్చుంటారా?" అని అడిగారు.

నేను మా అత్త వైపు చూశాను.

"దీన్ని ఎరిథెమా ఎబ్ ఇగ్నె అంటారు. ఒకే చోట రోజుల తరబడి సెగ తగిలితే ఇలా అవుతుంది. సెగ తగలకపోతే మెల్లగా తగ్గుతుంది. నా బెంగ మచ్చల గురించి కాదు. ఇంత మచ్చ పడాలంటే ఎంతసేపు కదలకుండా కూర్చుని ఉంటారా అని" అంటూ నా తొడ నొక్కి చూశారు. "మజిల్ వేస్టింగ్ మొదలైంది, కండ కరిగిపోతోంది."

మా అత్త పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మంట నానేసిందేనమ్మా" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. "మంట మంచిదే పెద్దమ్మా, కూర్చోబెట్టడమే మంచిది కాదు. ఈ జబ్బులో కూర్చుంటే బిగుసుకుంటారు, కదిలితే వదులవుతారు. చలికాలంలో మరీ కదలాలి" అన్నారు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదని రెండుసార్లు చెప్పారు. దానికి తోడు ఫోలిక్ యాసిడ్, కొన్ని వారాలు తగ్గించుకుంటూ వచ్చే స్టెరాయిడ్. డాక్టర్ చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష. మందు వాడినన్నాళ్లు కల్లు ముట్టకూడదన్నారు. చలికాలంలో జీలుగు కల్లు ముట్టొద్దని మా వాళ్లతో అనడం అన్నం మానమన్నట్టే. మా ఆయన మొహం చూసి, "నీకు కాదులే, నాకు" అన్నాను. ఫిజియోథెరపీ మేడం వ్యాయామాలు నేర్పింది. దుప్పట్లో ఉండగానే వేళ్లు, మడమలు ఆడించడం, గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి గుప్పిళ్లు మూసి తెరవడం, ఎండొచ్చాక నడక. "ఎక్కువసేపు ఒకే చోట కూర్చోకండి. ఏదో ఒక వంకన లేస్తూ ఉండండి. పట్టుకునే పిడి ఏదైనా లావుగా ఉంటే వేళ్ల మీద భారం తగ్గుతుంది" అంది.

ఇంటికొచ్చాక మా అత్త మందుల విషయంలో పోలీసు అయ్యింది. ఆదివారం వచ్చిందంటే మాత్ర, నీళ్లు పట్టుకుని నిలబడేది. కదలడం దగ్గరే ఆవిడ మనసు ఒప్పుకునేది కాదు. డాక్టర్ మాట తలకెక్కింది, చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ నా భుజం నొక్కి కూర్చోబెట్టేది. ఆవిడ నీళ్లకి వెళ్లినప్పుడు నేను వ్యాయామాలు చేసేదాన్ని. ఒకసారి గోడకి చేతులానించి గుంజీళ్లు తీస్తుంటే పట్టుబడ్డాను.

"ఏటే ఆ కుప్పిగంతులు? ఎవులైనా సూత్తే దెయ్యం పట్టిందనుకుంతారు."

"పట్టిన దెయ్యాన్ని వదిలించుకుంటన్నాను అత్తా" అన్నాను. నవ్వాపుకోలేక బిందె దింపేసింది.

వేసవికి వాపులు బాగా తగ్గాయి. వానాకాలంలో చోడి నాట్లు గట్టున నిలబడి చూడగలిగాను. నా జడ నేనే వేసుకున్నాను. మళ్లీ చలికాలం వచ్చింది. లక్కమ్మ వదిన దారిలో నడుస్తున్న చప్పుడు వినగానే, ఆమె పిలవకముందే గుమ్మంలోకి వెళ్లి "వత్తన్నా వదినా" అన్నాను. మా అత్త వెనక నుంచి ఏదో అంటూనే ఉంది, నేను వినిపించుకోలేదు.

ఆ రోజు తోట నిట్టనిలువు కొండ మీద. మంచు విడవకముందే ఎక్కాం. ఏడాదంతా పోగేసుకున్న ఉత్సాహం కదా, అందరితో సమానంగా కోశాను. పై కొమ్మలు వంచాను, బుట్ట నడుముకి కట్టుకునే దిగాను. మాపటికి కుడి మణికట్టు బన్ను లాగా ఉబ్బింది. తెల్లారి లేస్తే మోకాళ్లు వంగవు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మా అత్త ఒక్క మాట అనలేదు. అరుగు ముందు మళ్లీ నెగడు వేసి, అటక మీద నుంచి పీట దింపి తుడిచి పెట్టింది. తిట్టినా బాగుండేది. గోడ పట్టుకుని వెళ్లి ఆ పీట మీద కూలబడ్డాను. అయిపోయింది, ఇక నా బతుకు దాని మీదే అనుకున్నాను.

మళ్లీ విశాఖ. డాక్టరమ్మ చూసి, "ఇది ఫ్లేర్, అణిగిన జబ్బు మళ్లీ రేగడం. మందు కొంచెం మారుస్తాను, తగ్గుతుంది" అన్నారు. ఏం చేశానో చెప్పమన్నారు, చెప్పాను.

"అయితే కూర్చోవడం, లేకపోతే కొండెక్కడం. ఈ రెండింటికీ మధ్యలో పనే లేదా అమ్మా మీ ఊళ్లో?" అన్నారు. "వాచిన కీలుకి విశ్రాంతి ఇవ్వండి. మనిషికి ఇవ్వకండి. మధ్యలో ఉండే పని ఏదో వెతుక్కోండి."

నాకు ఆ మాట వేళాకోళంలా వినపడి కోపమొచ్చింది. మా అత్త మాత్రం తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, సొరంగాల్లో కూడా నా చెయ్యి పట్టుకోకుండా, ఏదో ఆలోచిస్తూనే ఉంది.

మణికట్టు వాపు దిగాక ఒక పొద్దున బయటికొచ్చాను. అరుగు ముందు నెగడు లేదు. బూడిద కూడా ఊడ్చేసి ఉంది. చూస్తే ఇంటి ముందు కళ్లానికి అవతలి చివర, పనస చెట్టు దగ్గర మంట మండుతోంది. పీట మాత్రం అరుగు దగ్గరే ఉంది.

"ఇదేటత్తా, మంట అక్కడేశావు?"

"సలేత్తే అక్కడికెల్లి కాగు. కాగినాక ఇటొచ్చి కూకో. మంట అక్కడ, పీట ఇక్కడ" అంది. నా మొహం చూడకుండా చీపురు పట్టుకుని అటు తిరిగింది.

మంటకీ పీటకీ మధ్యన కళ్లం నిండా మా కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. కాఫీ ఆరబెట్టడం అంటే పోసి వదిలేయడం కాదు. మంచు విడిచి ఎండ తగిలాక పరవాలి, పొద్దంతా తిప్పుతూ ఉండాలి, లేకపోతే అడుగున బూజు పడుతుంది. పొద్దు వాలి మంచు దిగేలోపు కుప్ప చేసి టార్పాలిన్ కప్పాలి. తిప్పడానికి పొడుగు కర్ర చివర చెక్కపలక బిగించి ఉంటుంది. మా అత్త ఆ కర్ర పిడికి పాత చీర పేలికలు చుట్టి లావు చేసి పెట్టింది. ఫిజియో మేడం చెప్పిన మాట నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు.

"మంట కాడికి ఎల్లేటప్పుడు ఒక సాలు లాగు. వచ్చేటప్పుడు ఒక సాలు. అంతకంటే లాగావంటే కాళ్లిరగ్గొడతాను" అంది.

మొదటి రోజు ఒక సాలు లాగి ఆయాసపడ్డాను. కాగాను, వచ్చి కూర్చున్నాను. కాసేపటికి చలి వేసి మళ్లీ లేచాను. చేతులు చాచి లాగడం, అడుగు వెనక్కి వెయ్యడం, మళ్లీ చాచడం. వంగే పని లేదు, బరువు లేదు, పక్కనే కూర్చునే చోటు ఉంది. పొద్దున్నే గింజలకీ ఎండ కావాలి, నాకూ ఎండ కావాలి. అవి పరిచే వేళకి నా వేళ్లు వదులయ్యేవి. వ్యాయామం చెయ్యమంటే రోజుకో సాకు వెతికేదాన్ని. గింజలు మాత్రం సాకులు వినవు, తిప్పకపోతే బూజు పడతాయి.

కొన్ని వారాలకి మా కాఫీ ఊళ్లో అందరికంటే సమంగా ఆరింది. లక్కమ్మ వదిన వచ్చి గుప్పెడు గింజలు తీసి కొరికి చూసింది. మిగతా ఇళ్లలో ఆడవాళ్లంతా కొండ మీద ఉంటే కళ్లాల్లో తిప్పేవాళ్లు లేక, కోళ్లు కెలికిందే తిప్పినట్టయ్యింది.

"మావి కూడా నీ కళ్లంలో పోత్తాం బుద్రీ" అంది. "మేం కొయ్యడానికి ఎల్తాం, నువ్వు తిప్పు. అదే నీ బదులు."

నేను అక్కడికక్కడే ఆ గింజలకి చోటు చూడటం మొదలుపెట్టాను. మా కోతకి వచ్చే ఇంకో ఆమె మాత్రం ఊరుకోలేదు. "ఇంటికాడుండి సేసే పనికి కొండెక్కే మనిసితో సమానమేటి?" అంది. లక్కమ్మ వదిన కర్ర ఆమె చేతికిచ్చి, "ఒక్క పూట లాగి సూడు" అంది. ఆమె రోషంగా మొదలుపెట్టింది. పొద్దు నడినెత్తికి రాకముందే కర్ర పనస చెట్టుకి ఆనించి, నాకు కొండే నయమని బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇది ఆ తర్వాతి చలికాలం. జబ్బు పోలేదు, పోతుందని డాక్టరమ్మ కూడా అనలేదు. "కంట్రోల్‌లో ఉంది" అంటారు. మందు డోసు తగ్గించారు, మానలేదు. పొద్దుటి బిగుతు అంబలి కాగేలోపు వదిలిపోతోంది. మబ్బు పట్టిన రోజుల్లో కాస్త సతాయిస్తుంది, ఆ రోజు సాళ్లు తగ్గించి నెమ్మదిగా లాగుతాను. మధ్యాహ్నం ఎండలో ఊరి పక్కన పారే గెడ్డ దాకా నడిచి వస్తాను. కాళ్లకి మేజోళ్లు, చేతులకి ఉన్ని తొడుగులు లేకుండా బయటికి వెళ్లను. కింది కొమ్మల పళ్లు కాసిన్ని కోస్తాను, పై కొమ్మల జోలికి పోను. కాళ్ల మీద వల దాదాపు చెదిరిపోయింది.

నాలాంటి జబ్బుతో చలికి భయపడి కూర్చున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మంట మానకండి, దాన్ని మీ పీటకి దూరంగా పెట్టుకోండి. మీ ఇంట్లో నెగడు లేకపోతే టీవీయో, మంచినీళ్ల బిందెయో, ఏది లేకపోతే తోచదో దాన్నే దూరం జరపండి. దారిలో చేతికి ఒక పని దొరికేలా చూసుకోండి. ఎంత దూరమో మీ డాక్టర్‌ని అడగండి.

ఇవాళ పొద్దున మంచు ఇంకా విడవలేదు. లక్కమ్మ వదిన మా గుమ్మం ముందుకొచ్చి, "బుద్రీ" అని కేకేసింది. నా నోటి నిండా అంబలి ఉంది, గబుక్కున పలకలేకపోయాను. ఎప్పటిలాగే మా అత్త నాకంటే ముందు బయటికెళ్లింది. మళ్లీ రాదనేస్తుందేమోనని అంబలి మింగి లేచాను.

"వత్తాది" అంది మా అత్త. "అది నీకంటే బేగి లేచింది."